వైర్లు కాల్చిన జాగ పక్కన ఆకుకూరలు: తినొచ్చా, అమ్మొచ్చా?

పాలమూరుపోరడు | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. సిటీ అంచుల ముప్పై గుంటలు కౌలుకు తీసుకున్నం. పాలకూర, తోటకూర, మెంతి, కొంచెం కొత్తిమీర పెట్టినం. బోరు నీళ్లే. పంట మస్తు వచ్చింది, ఆకు నిగనిగలాడుతున్నది.

పంచాయితీ ఏందంటే, గట్టు అవతల మొన్నటిదాక ఒక తుక్కు షెడ్డు ఉండె. పాత వైర్లు, టీవీలు, కంప్యూటర్ బోర్డులు తెచ్చి రాత్రిపూట కాల్చేటోళ్లు. ఊరోళ్లు గొడవ చేస్తే ఖాళీ చేసి పోయిన్రు. ఇప్పుడు మా దిక్కు దున్నుతుంటే నల్లటి పొర, సన్నటి రాగి పోగులు, పచ్చ బోర్డు ముక్కలు తేలుతున్నయి. భూసార కార్డు తీస్తే అన్నీ బాగనే ఉన్నయని రాసిన్రు. మా తమ్ముడు ఫోన్ల ఏదో చదివి ఆ కూర తినొద్దని లొల్లి చేస్తున్నడు. మా అమ్మ రోజూ అదే వండుతది, రైతు బజార్ల కూడ అమ్ముతున్నం. తెలిసినోళ్లు చెప్పుండ్రి.


జీవామృతం_నాగన్న | సోమవారం రాత్రి 9:40

ఆకు నిగనిగలాడ్తాందంటే నేల బాగుందనే లెక్క తమ్ముడూ. విషముంటే మనకంటే ముందు మొక్కే చెప్తాది. పదహైదు దినాలకొకసారి జీవామృతం పారించు, నేలలో ఏముండినా సూక్ష్మజీవులు అరాయించుకుంటాయి. ఫోన్లో చదివి భయపడేదానికి అంతు ఉండదు.


మట్టివాసన | సోమవారం రాత్రి 10:25

నాగన్న గారూ, రాగి విషయంలో మీరన్నది నిజమే. కాడ్మియం అనే విషలోహం విషయంలో మాత్రం కాదు. ఉద్యోగమంతా మట్టి నమూనాల మధ్యే గడిపినవాణ్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

నేలలో రాగి, జింకు, నికెల్ మోతాదు మించితే ముందు మొక్కే దెబ్బతింటుంది. ఆకు పసుపుబారుతుంది, వేరు ఎదగదు, పంట దిగుబడి పడిపోతుంది. మనిషికి హాని చేసేంత ఆకులో చేరేలోపే రైతు ఆ మడిని వదిలేస్తాడు. సీసం తీరు వేరు. అది మట్టిరేణువులను గట్టిగా పట్టుకుని ఉంటుంది, కరిగి వేరుదాకా వచ్చినా చాలావరకు వేరులోనే చిక్కుబడిపోతుంది. ఈ రెండు రకాల రక్షణనూ కలిపి అమెరికా శాస్త్రవేత్త రూఫస్ చేనీ 1980లో 'నేల-మొక్క అడ్డుగోడ' అన్నారు. ఆ గోడను దాటేసే వాటిలో ముఖ్యమైనది కాడ్మియం. మొక్కకు ఏ ఇబ్బందీ కనిపించని మోతాదులోనే, తినేవాడికి ప్రమాదమయ్యేంత ఆకులోకీ గింజలోకీ ఎక్కేస్తుంది. ఆకు పచ్చదనం దాని గురించి ఏమీ చెప్పదు.

కాడ్మియంతో మొక్కకు పనేమీ లేదు. మాంగనీసు, జింకు, ఇనుము కోసం వేరు తెరిచి ఉంచిన దారుల్లోంచి అదీ దూరుతుంది. వరిలో అది వాడుకునేది ప్రధానంగా మాంగనీసు దారి. 2012లో జపాన్ పరిశోధకులు కోషిహికారి వరి విత్తనాలను అయాన్ కిరణాలకు గురిచేసి, ఆ దారి పనిచేయని మొక్కలను ఎంచితే గింజలో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది.

ఇక జీవామృతం. పురుగుమందులనైతే సూక్ష్మజీవులు విరగ్గొట్టగలవు. సీసం, కాడ్మియం మూలకాలు. మూలకాన్ని ఏ సూక్ష్మజీవీ అరిగించుకోలేదు. రూపం మారొచ్చు, చోటు మారొచ్చు, అంతేగానీ నేలలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

భూసార కార్డు గురించి కూడా. అందులో ఉండేవి పన్నెండు అంశాలు: పీహెచ్, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. సీసం లేదు, కాడ్మియం లేదు. పంటకు ఏం తక్కువైందో చెప్పడానికి పుట్టిన కార్డు అది. కానీ ఒక్కసారి చూడండి, రాగి దగ్గర ఎంత రాశారు? పీహెచ్ ఎంత?


పాలమూరుపోరడు | సోమవారం రాత్రి 10:51

పీహెచ్ 7.9 సార్. రాగి దగ్గర రెండంకెల సంఖ్య ఉన్నది, పక్కకు 'సరిపడా ఉంది' అని రాసిన్రు.


మట్టివాసన | సోమవారం రాత్రి 11:03

అదీ సంగతి. ఆ పరీక్షలో రాగి 0.2 పీపీఎం (కిలో మట్టికి 0.2 మి.గ్రా.) కంటే తగ్గితేనే లోపం అంటారు. మామూలు నేలల్లో ఒకటో రెండో, ఇంకాస్తో ఉంటుంది. రెండంకెలు రావడమంటే ఎవరో తెచ్చి పోసిన రాగి అది. కార్డుకు లోపం పట్టుకోవడమే తెలుసు కాబట్టి 'సరిపడా' అనేసింది. రాగి ఉన్నంత మాత్రాన కాడ్మియం ఉందని రుజువు కాదు. కానీ పరీక్ష చేయించాల్సిన అవసరం ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి?


మిద్దెతోట_లక్ష్మి | మంగళవారం ఉదయం 6:35

నాదొక సందేహం. ఉప్పునీళ్లలో, పసుపునీళ్లలో నానబెట్టి కడిగితే పోతుందంటారు కదా. మేము బయట కొన్న ఆకుకూరలన్నీ అలాగే చేస్తాం.


మట్టివాసన | మంగళవారం ఉదయం 7:20

కడిగితే పోయేది ఆకు మీదున్నది, లక్ష్మి గారూ. సీసం ఎక్కువగా అలాగే వస్తుంది, దుమ్ముగా, మసిగా, వాన చినుకులకు చింది అంటుకున్న మట్టిగా. కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడగడం చాలా మంచిది. ఉప్పూ పసుపూ అదనంగా చేసేదేమీ లేదు, ధారగా పారే నీళ్లు చాలు. తోటకూర, పాలకూర కాడల మొదళ్లు కోసేయండి, మట్టి దాక్కునేది అక్కడే. ముల్లంగి, క్యారెట్ లాంటివి చెక్కు తీయండి.

కాడ్మియం మాత్రం ఆకు లోపల ఉంటుంది. ఎన్ని నీళ్లు మార్చినా ఉంటుంది.


గ్వాంగ్‌జౌ_గోదావరి | మంగళవారం ఉదయం 11:48

ఇక్కడ ఈ చర్చ చూసి ఆగలేకపోయానండి. గ్వాంగ్‌జౌలో చదువుకునే రోజుల్లో మా ల్యాబులో సగం మంది పని ఇదే.

గుయూ అని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పట్టణం. ప్రపంచంలోని పాత కంప్యూటర్లలో బోలెడన్ని అక్కడికే వచ్చేవి. బోర్డును బొగ్గు కుంపటి మీద వేడి చేసి, టంకం కరిగాక చిప్పులు పీకేవారు. బంగారం కోసం బోర్డుల్ని ఆసిడ్‌లో నానబెట్టి, మిగిలిన ఆసిడ్‌ని కాలవలోకి వదిలేసేవారు. ఆ ఆసిడ్ నేలలోకి ఇంకితే లోహాలు మరింత కరిగి వేరుకి అందుతాయి. 2007లో అచ్చయిన అధ్యయనంలో గుయూలోని 165 మంది ఆరేళ్లలోపు పిల్లల రక్తంలో సీసం సగటున డెసిలీటరుకి 15.3 మైక్రోగ్రాములు ఉంది. పక్క ఊరు చెందియన్‌లో 9.94. అమెరికాలో ఇప్పుడు 3.5 దాటితే చాలు, ఆ పిల్లాడి మీద కన్నేస్తారు.

పంటల మాటకొస్తే తైజౌ గురించి చెప్పాలి. అది జెజియాంగ్‌లో ఉంది. వరి మళ్ల మధ్యే, ఇళ్ల పెరళ్లలోనే తుక్కు విప్పేవాళ్లు. 2008 అధ్యయనంలో అక్కడి పాలిష్ పట్టిన బియ్యంలో సీసం సగటు కిలోకి 0.69 మి.గ్రా., అంటే చైనా హద్దు 0.2కి మూడున్నర రెట్లు. కాడ్మియం 31 శాతం నమూనాల్లో హద్దు దాటింది. చింగ్‌యువాన్ దగ్గర లుంగ్‌తాంగ్ అనే చోట తీగలు కాల్చి వదిలేసిన మట్టి పరీక్షిస్తే కిలోకి రాగి సగటున 11,140 మి.గ్రా., సీసం 4,500, కాడ్మియం 17.1. అవి పాలమూరు తమ్ముడు చెప్పిన లాంటి నేలలేనండి. కాల్చడం ఆపేసిన చోట్లు. చుట్టుపక్కల కూరగాయల్లో కాడ్మియం, సీసం హద్దు మించే ఉన్నాయి.

2014లో చైనా ప్రభుత్వమే దేశవ్యాప్త సర్వే బయటపెట్టింది. సాగునేల నమూనాల్లో 19.4 శాతం కలుషితమని అందులో ఉంది. అన్నిటికంటే ఎక్కువగా తేలిన లోహం కాడ్మియమే. అంతకుముందు ఏడాది గ్వాంగ్‌జౌ హోటళ్ల బియ్యంలో కాడ్మియం బయటపడి ఊరంతా అట్టుడికింది. అదంతా ఎలక్ట్రానిక్ వ్యర్థాల వల్లే కాదు లెండి, గనులూ స్మెల్టర్లూ ఉన్నాయి. కానీ జనం బియ్యం సంచీ మీద జిల్లా పేరు చూసి కొనడం మొదలెట్టారు.


సందేహాల_సుబ్బు | మంగళవారం మధ్యాహ్నం 1:15

మట్టివాసన గారేమో సీసం వేరు దాటదన్నారు. తైజౌ బియ్యంలో సీసం హద్దుకు మూడున్నర రెట్లు. ఈ రెండూ ఎలా కుదురుతాయి?


మట్టివాసన | మంగళవారం మధ్యాహ్నం 2:02

మంచి ప్రశ్న. 'చాలావరకు' వేరులోనే ఆగుతుందన్నాను, పూర్తిగా కాదు. నేలలో వేలల్లో ఉన్నప్పుడు అందులో అతి కొద్ది వంతు పైకి ఎక్కినా హద్దు దాటుతుంది, ఎందుకంటే హద్దే కిలోకి 0.2 మి.గ్రా. రెండో దారి గాలి. కొలిమి పొగలోని అతి సన్నటి సీసం రేణువులు ఆకు మీద పడి, ఆకు రంధ్రాల గుండా లోపలికి పోతాయని లెట్యూస్ మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. తుక్కు కాలుస్తున్నంత కాలం ఆ దారీ తెరిచే ఉంటుంది. ఈ తమ్ముడి దగ్గర కాల్చడం ఆగింది కాబట్టి ఆ భాగం తగ్గి ఉండాలి.


తుక్కుభాయ్ | మంగళవారం రాత్రి 8:30

అందరు కాల్చిన్రు కాల్చిన్రు అంటున్నరు, ఏం కాల్చిన్రో ఎవ్వరు అడుగుతలేరు. నేను ఈ దందాలనే ఉన్న. చెప్త వినుండ్రి.

లావు వైరు ఎవ్వడు కాల్చడు భయ్యా, కత్తితోని గీరితే రాగి మంచిగ వస్తది, మెరిసే రాగికి రేటు ఎక్కువ. కాలిస్తే నల్లబడి రేటు పడిపోతది. కాల్చేది వెంట్రుకల్లాంటి సన్న వైరు, గీరితే కూలి కూడ ఎల్లదు కాబట్టి. మంచి పచ్చ బోర్డులు ఇక్కడ ఉండయి, ఢిల్లీకి పోతయి, ఆడికెళ్లి మొరాదాబాద్. ఇక్కడ మిగిలేది టీవీల గోధుమరంగు బోర్డులు, వాటిల రాగి తక్కువ, పిన్నులు టంకం కోసం కాలుస్తరు. పాత డబ్బా టీవీ వస్తే పిక్చర్ ట్యూబు మెడకు ఉన్న రాగి చుట్ట తీసుకొని గాజు పగలగొట్టి పారేస్తరు. ఆ గాజు ఎవ్వడు కొనడు. కార్డ్‌లెస్ ఫోన్ల బ్యాటరీలు, ఎమర్జెన్సీ లైట్ల బ్యాటరీలు గూడ మంటల్ల పడ్డయి పడ్డట్టే.

మా మీద పడి ఏడుస్తరు గని మీ ఇంట్ల పాత టీవీ ఎవరికి ఇచ్చిన్రో గుర్తుందా? ఎలక్ట్రానిక్ తుక్కు మీద కొత్త రూల్స్ 2023 ఏప్రిల్ నుంచి నడుస్తున్నయి, సర్టిఫికెట్లు పెద్ద రీసైక్లర్లకు. మాల్ మాత్రం ఇప్పటికీ మా బండ్ల మీదనే వస్తది.


మట్టివాసన | మంగళవారం రాత్రి 9:14

భాయ్, ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ ఇవ్వని సమాచారం ఇచ్చారు. ల్యాబువాళ్లకు ఏం వెతకమనాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

పిక్చర్ ట్యూబు వెనక గరాటు గాజులో సీసం దండిగా ఉంటుంది. టంకం పాత రకమైతే నలభై శాతం దాకా సీసమే, మిగతాది తగరం. కార్డ్‌లెస్ ఫోన్లలో అప్పట్లో వాడింది నికెల్-కాడ్మియం బ్యాటరీలు. పాత పీవీసీ తొడుగు వేడికి చెడకుండా సీసం, కాడ్మియం లవణాలు కలిపేవారు. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని రాగి పక్కన పెట్టి మసకమంట మీద కాలిస్తే డయాక్సిన్లు అనే విషరసాయనాలు తయారవుతాయి, రాగే ఆ చర్యను వేగిరం చేస్తుంది. టీవీ బోర్డుల్లో, ప్లాస్టిక్ డబ్బాల్లో మంట అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలు ఉంటాయి. వాటిలో పీబీడీఈలు అనే తరగతిని స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం కింద 2009లో కొన్నిటినీ, 2017లో డెకా రకాన్నీ నిషేధ జాబితాలో చేర్చారు.


జీవామృతం_నాగన్న | మంగళవారం రాత్రి 9:50

సరే స్వామీ, లోహాలను అరాయించుకోవు, ఒప్పుకుంటా. ఈ ప్లాస్టిక్ రసాయనాల సంగతేంది? అవి మూలకాలు కావు గదా?


గ్వాంగ్‌జౌ_గోదావరి | మంగళవారం రాత్రి 11:20

కావండి. వాటిని సూక్ష్మజీవులు విరగ్గొడతాయి, కానీ ఏళ్లకి ఏళ్లు పడుతుంది. పైగా డెకాలో పది బ్రోమిన్లుంటాయి. అవి ఒక్కొక్కటీ ఊడే కొద్దీ మిగిలిన అణువు చిన్నదై మొక్కలో ఇంకా సులువుగా కదులుతుంది. సగం విరిగింది కదా అని సంతోషించడానికి లేదు.

ఈ రసాయనాలు నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. అందుకని చాలా మొక్కల్లో వేరు పైతొక్కకి అతుక్కుని ఉండిపోతాయి, ఆకులోకి వచ్చేది ఎక్కువగా గాలిలోంచే. ఇందులో వింత మినహాయింపు జుకినీ. 1990ల్లో జర్మనీలో ప్రయోగం చేస్తే జుకినీ, దాని దగ్గరి గుమ్మడి రకాలు డయాక్సిన్లని వేరునుంచి కాయదాకా లాక్కొచ్చాయి. దాని చుట్టం దోసకాయ ఆ పని చేయలేదు. ఒకే కుటుంబంలో ఇంత తేడా ఎందుకో ఆలోచిస్తే భలే ఉంటుంది. వేరు వదిలే రసాల్లోనూ లోపలి మాంసకృత్తుల్లోనూ ఏదో ప్రత్యేకత ఉందని పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

పాలమూరు తమ్ముడూ, కోళ్లు గానీ పెంచుతున్నారా?


పాలమూరుపోరడు | బుధవారం ఉదయం 6:10

ఉన్నయి అన్నా. నాటు కోళ్లు, పొద్దంత ఆ గట్టు మీదనే గీరుతయి. ఎందుకు అడిగిన్రు?


గ్వాంగ్‌జౌ_గోదావరి | బుధవారం ఉదయం 9:05

ఆకుకూర కంటే ముందు ఆ గుడ్లు ఆపండి.

ఘనా రాజధాని అక్రాలో అగ్బోగ్‌బ్లోషీ అని పెద్ద తుక్కు బజారు ఉండేది, 2021లో పడగొట్టారు. అక్కడ తిరిగే నాటుకోళ్ల గుడ్లని ఐపెన్, బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే సంస్థలు 2019లో పరీక్ష చేయించాయి. ఒక్క గుడ్డు తింటే చాలు, యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒక రోజుకి తట్టుకోగలరని చెప్పిన క్లోరిన్ డయాక్సిన్ మోతాదుకి 220 రెట్లు ఒంట్లోకి పోతుందని తేలింది. కోడి మట్టిని గీరి తింటుంది, వానపాముల్ని తింటుంది, ఆ డయాక్సిన్ కొవ్వులో కూడి పచ్చసొనలోకి వస్తుంది. ఆకు ఆ పని ఇంత బాగా చేయలేదు. నాటుకోడి గుడ్డు ఆరోగ్యమని పిల్లలకి ఏరికోరి పెట్టేది మనమే కదండీ.


పాలమూరుపోరడు | బుధవారం ఉదయం 9:22

అమ్మతోని చెప్పిన. నమ్ముతలేదు గని కోళ్లను ఇంటికాడ గంపకింద పెట్టించిన.


లెక్కలమాష్టారు | బుధవారం సాయంత్రం 5:45

హద్దులు, హద్దులు అంటున్నారు. ఆ హద్దు మీదే నాకో పేచీ ఉంది. కాగితం కలం తీసుకోండి.

పాలిష్ బియ్యంలో కాడ్మియానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం) హద్దు కిలోకి 0.4 మి.గ్రా. మనలో రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవాళ్లకు కొదవ లేదు. సరిగ్గా హద్దు మీదున్న బియ్యమైతే రోజుకు 160 మైక్రోగ్రాములు లోపలికి పోతుంది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో పెట్టిన పరిమితి నెలకు, ఒంటి బరువు కిలోకు 25 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి నెలకు 1500, రోజుకు 50. అంటే పరీక్షలో 'పాస్' అయిన బియ్యమే మనలాంటి అన్నం మనుషులకు మూడింతలు ఎక్కువ. చైనా వాళ్ల 0.2 తీసుకున్నా ఇంకా 80.

ఆకుకూరకు కోడెక్స్ హద్దు 0.2. వంద గ్రాముల కూర తింటే 20 మైక్రోగ్రాములు. కూర అంచుకు తింటాం, అన్నం కడుపుకు తింటాం. అందుకని అడుగుతున్నాను, ఆ ముప్పై గుంటల్లో వానాకాలం వరి వేసే ఆలోచన ఉందా?


పాలమూరుపోరడు | బుధవారం సాయంత్రం 6:30

ఉండె మాష్టారూ. ఆరుతడి పద్ధతిల వేద్దామనుకున్నం, బోరు నీళ్లు తక్కువ అని.


మట్టివాసన | బుధవారం రాత్రి 8:10

మాష్టారి లెక్క సరైనదే. చాలామంది దాటవేసే లెక్క.

ఆరుతడి ఈ నేలకు పనికిరాదు. మడిలో నీళ్లు నిలిచి ఉంటే గాలి ఆడదు, కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలో కూర్చుంటుంది. నీళ్లు తీసేసి మడి ఆరగానే ఆ బంధం విడిపోయి మళ్లీ కరుగుతుంది, గింజ పాలుపోసుకునే వేళకు సరిగ్గా వేరుకు అందుతుంది. అందుకే జపాన్‌లో ఇలాంటి నేలల్లో ఈనడానికి ముందు మూడు వారాలు, ఈనిన తర్వాత మూడు వారాలు నీరు నిలిపి ఉంచమంటారు. ఆర్సెనిక్ ఉన్న నేలలో ఇది తిరగబడుతుంది, నీళ్లు నిలిస్తే అది ఎక్కువ కరుగుతుంది. ఏముందో తెలియకుండా ఏ సలహా పాటించినా చీకట్లో రాయి విసరడమే.

చైనా వ్యాసాల్లో అందరూ సున్నం వేయమంటారు. అక్కడి ఎర్రనేలలు ఆమ్లగుణం ఉన్నవి, పీహెచ్ 5 దగ్గర ఉంటే సున్నం అద్భుతంగా పనిచేస్తుంది. ఈ తమ్ముడి నేల 7.9. అక్కడ సున్నం దండగ. నిజానికి ఆ పీహెచ్ అతని అదృష్టం, అంత క్షారగుణంలో కాడ్మియం అంత తేలిగ్గా కదలదు. బాగా చివికిన పశువుల ఎరువు వేస్తే ఇంకాస్త పట్టి ఉంచుతుంది. నాగన్న గారికి అంతవరకు మార్కులు ఇస్తాను.


జీవామృతం_నాగన్న | బుధవారం రాత్రి 8:32

పాస్ మార్కులొచ్చినాయి, చాలు :)

ఆవ మొక్క లోహాలను గుంజుకుంటాదని మా కాడ ఒక సారు చెప్పినాడు. అది వేసి పీకేస్తే నేల శుభ్రమైపోదా?


మట్టివాసన | బుధవారం రాత్రి 9:05

గుంజుతుంది, నిజమే. ఆర్సెనిక్‌కు ఒక రకం ఫెర్న్, కాడ్మియం-జింకులకు చైనాలో సీడమ్ జాతి మొక్కలు ఇంకా బాగా గుంజుతాయి. కానీ ఒక పంటతో తేలదు, ఏళ్ల తరబడి వేస్తూ పోవాలి. సీసాన్ని ఆవ చేత లాగించడానికి, మట్టినుంచి లోహాన్ని విడదీసే ఈడీటీఏ అనే రసాయనం కలిపి ప్రయోగాలు చేశారు. మట్టినుంచి విడిపోయిన సీసం మొక్కలోకి వెళ్లినంతా వెళ్లి, మిగిలింది భూగర్భజలంలోకి దిగింది. ఇక్కడ పక్కనే బోరు ఉంది, ఆ జోలికి పోవద్దు. ఇక పీకిన మొక్కల్ని ఏం చేస్తారు? కాలిస్తే బూడిదలో లోహం ఉంటుంది, గేదెకు వేస్తే పాలల్లోకీ కాలేయంలోకీ పోతుంది. మన ఊళ్లలో ఆవ ఆకు కనబడితే ఎవరో ఒకరు కోసుకెళ్లి పులుసు పెట్టేస్తారు.


డాక్టరమ్మ_నెల్లూరు | బుధవారం రాత్రి 10:40

చదువుతూ వచ్చాను, ఒక్క విషయం కలుపుతా. కాడ్మియం ఒంట్లో చేరితే మూత్రపిండాల్లో కూర్చుంటుంది, అక్కడున్నదాంట్లో సగం బయటికి పోవడానికే పదినుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గని నీళ్లతో పండిన వరి తిన్న ఆడవాళ్లకు ఎముకలు పెళుసై విరిగిన జబ్బు ఇదే. 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది.

అసలు చెప్పాలనుకుంది ఇది. ఒంట్లో ఇనుము తక్కువ ఉన్నవాళ్ల పేగు కాడ్మియాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం పడుతుందని వాళ్లను మేం తినమనేది తోటకూర, పాలకూర. అవి తినడం మానొద్దు, కానీ ఎక్కడ పండాయో అడగండి. తమ్ముడూ, మీ అమ్మగారికి ఒకసారి హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ చూపించండి. కంగారు పడి కాదు, మామూలుగానే ఆ వయసుకు చేయించాల్సినవే.


పాలమూరుపోరడు | గురువారం ఉదయం 7:15

చేయిస్త డాక్టరమ్మా. ఇప్పుడు నాకు రెండే ప్రశ్నలు. ఇప్పుడున్న పంట ఏం చెయ్యాలె? పరీక్ష ఎట్ల, ఎక్కడ చేయించాలె? రైతు బజార్ల నా దగ్గర రోజూ కొనేటోళ్లు ఉన్నరు, వాళ్లకు ఏం చెప్పాలెనో సమజైతలేదు.


మట్టివాసన | గురువారం ఉదయం 8:50

వాళ్లకు 'ఈ వారం కూర లేదు, మట్టి పరీక్షకు ఇచ్చిన' అని చెప్పండి. ఫలితం వచ్చేదాకా అమ్మకం ఆపడం మంచిది. ఉన్న ఆకును పశువులకు వేయొద్దు, కాల్చొద్దు, గట్టుకు దూరంగా మీ చేలోనే ఒక మూల కుప్ప పెట్టండి. పరీక్ష బాగుంటే ఎరువు అవుతుంది, లేకపోతే ఎక్కడుందో తెలుస్తుంది.

భూసార పరీక్ష కేంద్రంలో ఈ లోహాలు చూడరు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు వెళ్లి సీసం, కాడ్మియం, నికెల్, క్రోమియం, ఆర్సెనిక్, పాదరసం, రాగి అడగండి. మట్టి ఒక్కటే ఇస్తే సగం కథే తెలుస్తుంది. అదే మడిలోంచి పాలకూర, తోటకూర చెరో అరకిలో, వంటకు ఎలా కడుగుతారో అలా కడిగి ఇవ్వండి. మట్టిలో ఎంతున్నా చివరకు తినేది ఆకు. ఆకులో హద్దులోపల ఉంటే ఒక నిర్ణయం, దాటితే ఇంకొకటి. బోరు నీళ్లు కూడా ఒక సీసా. డయాక్సిన్ పరీక్ష చాలా ఖరీదు, చేసే ల్యాబులూ తక్కువ, అది మీరు మొయ్యలేరు. దాని బదులు కోళ్లను అటు పోనివ్వకుండా ఉండటమే.

నమూనా తీసేటప్పుడు చేలో మట్టంతా కలిపేయొద్దు. భూసార పరీక్షకు పది చోట్ల తీసి కలపమంటారు, ఇక్కడ అలా చేస్తే నల్లమట్టి ఉన్న మూల మిగతా మంచి మట్టిలో కలిసి సగటు బాగున్నట్టు కనిపిస్తుంది. గట్టు పక్క పది అడుగులు ఒక సంచి, మధ్య చేను ఒక సంచి, అవతలి చివర ఒక సంచి. అరడుగు లోతు వరకు. చెక్కతో గానీ ప్లాస్టిక్ గరిటెతో గానీ తీయండి. ఎరువు సంచులు వాడొద్దు, భాస్వరం ఎరువులోనే కాస్త కాడ్మియం ఉంటుంది.


మిద్దెతోట_లక్ష్మి | గురువారం ఉదయం 9:30

ఒకవేళ ఫలితం చెడ్డగా వస్తే ఆ భూమిలో ఇంకేమీ పండదా పాపం?


మట్టివాసన | గురువారం ఉదయం 10:15

పండుతుంది. బంతి, చామంతి వేస్తే నగరం పక్కన గిరాకీకి లోటు లేదు, ఎవరూ తినరు. తినేవాటిలో అయితే ఆకులూ దుంపలూ వదిలి, టమాటా, చిక్కుడు వైపు వెళ్లాలి, వాటి కాయల్లోకి కాడ్మియం తక్కువ వస్తుంది. అదీ కాయను పరీక్ష చేయించాకే. గట్టు పక్క నల్లపొర వరకూ తవ్వి తీయించడం మరో దారి, కానీ ఆ మట్టి ఎక్కడ పోయాలన్నది కాలుష్య నియంత్రణ మండలితో మాట్లాడాల్సిన విషయం. ఊరి చెరువు కట్ట మీద పోయించి చేతులు దులుపుకునే కాంట్రాక్టర్లను చాలామందిని చూశాను.

ఇంకొకటి. ఇది ఒక తుక్కు షెడ్డు కథే అనుకోవద్దు. హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం లాంటివి పేరుకున్నాయని అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో రాశారు. ఫ్యాక్టరీలకు కనీసం ఒక చిరునామా ఉంటుంది. రాత్రి కాల్చి పొద్దున వెళ్లిపోయేవాళ్ల చోట్లు ఏ రికార్డులోనూ ఉండవు. ఆ తర్వాత ఆ భూమి కౌలుకు పోతుంది, కౌలుదారుకు ఎవరూ చెప్పరు.


సందేహాల_సుబ్బు | గురువారం మధ్యాహ్నం 12:40

పరీక్ష ఖర్చు కౌలుదారుడు పెట్టుకోవాలా, భూమి యజమానా? మట్టి బాగాలేదని తేలితే కౌలు డబ్బు తిరిగి ఇస్తాడా?


పాలమూరుపోరడు | గురువారం మధ్యాహ్నం 1:05

యజమానిని అడిగిన అన్నా. 'నీకిచ్చింది భూమి, మట్టి కాదు' అన్నడు. మూడు సంచుల పైసలు మేమే పెట్టుకుంటున్నం.


తుక్కుభాయ్ | గురువారం రాత్రి 9:20

తమ్మీ, గట్టు పొడుగూత తవ్వుకుంట పోతే నీకు దొరకది. కాల్చేటోడు ఎప్పుడు ఒక్కకాడనే కాలుస్తడు, గాలి ఊరి దిక్కు పోకుండ చూసుకుంటడు. పగిలిన గాజు ఇంకో మూలకు పోస్తడు, కాళ్లకు గుచ్చుకుంటదని. నీళ్లు పోసి బూడిద కడిగి రాగి తీసిన గుంత ఇంకోకాడ ఉంటది, బోరుకాడికి దగ్గరగ. నువ్వు ముందు ఆ గుంత దొరకవట్టు, అసలు మాల్ అంత ఆడనే దిగుతది. షెడ్డు ఫొటో, బోరు ఎటు దిక్కున్నదో పెట్టు, అంచనాగ చెప్త. ఐతారం ఖాళీనే, పిలిస్తే వస్త.


పాలమూరుపోరడు | గురువారం రాత్రి 9:41

ఐతారం రా అన్నా. బోరు షెడ్డుకు పడమర దిక్కు, పది పదిహేను గజాలు ఉంటది. పక్కన ఒక గుంత ఉండె, మేమే చదును చేసి దాని మీద కొత్తిమీర చల్లినం.


మట్టివాసన | గురువారం రాత్రి 9:58

అయితే మూడు కాదు, నాలుగు సంచులు. ఆ కొత్తిమీర మడిది విడిగా, ఆకుతో సహా. బోరు నీళ్లు మాత్రం ఐతారం దాకా ఆగొద్దు, రేపే ఇవ్వండి. మోటారు వేసి పది నిమిషాలు వదిలేశాక పట్టండి. ఇంట్లో తాగేదీ ఆ నీళ్లేనా?